పాదు మాది, కాయ ఊరిది

గుమ్మడికాయను ఏ ఇల్లూ ఒంటరిగా తినలేదు. వంకాయలైతే ఇంటికి సరిపడా కోసుకుంటాం. గుమ్మడి అలా లొంగదు. కోయనంత కాలం నాలుగైదు నెలలు అటక మీద ఉలక్కుండా పలక్కుండా కూర్చుంటుంది. ఒక్కసారి కత్తి పడిందా, మూడో రోజుకి జిగురు పట్టి మెత్తబడిపోతుంది. పది కిలోల కాయతో అయిదుగురున్న ఇల్లు మూడు రోజుల్లో ఏం చేస్తుంది? ముక్కలు చేసి గోడ మీంచి అందిస్తుంది. ఫ్రిజ్‌లు రాకముందు మా డెల్టా పల్లెల్లో ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇళ్లను కలిపిన ఘనత పండగల కన్నా ఈ కాయకే ఎక్కువ దక్కాలి.

మా తాతయ్యది తాడేపల్లిగూడెం దగ్గర, గణపవరం వైపు పల్లె. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే, అంటే జూన్ రెండో వారం దాటాక, పెంటపోగు పక్కన గొయ్యి తీసి, మాగిన పశువుల ఎరువు నింపి, ఆ మట్టినే పైకి గుట్టలా ఎగదోసి గింజలు పెట్టేవాడు. గుట్ట ఎందుకంటే మాది నల్లమట్టి. శ్రావణం వచ్చేసరికి నేలలో వేలు గుచ్చినా నీరు ఊరుతుంది. గుమ్మడికి తిండి ఎంత కావాలో, కాళ్ల కింద నీళ్లు అంత పడవు. అందుకే తీగ సాగీ సాగగానే దాన్ని గడ్డిమేటు మీదికి మళ్లించేవాడు. అప్పటికి మేటు సగం తరిగి ఉంటుంది, పశువులు మేసినంత మేసి. ఆ ఖాళీని తీగ కప్పేస్తుంది. పై నుంచి కారే వాన గడ్డిలోంచి జారిపోతుంది కాబట్టి కాయ కుళ్లదు. ఒక పక్క తీపి గుమ్మడి, ఇంకో పక్క బూడిద గుమ్మడి.

వినాయక చవితి దాటాక మరో పాదు పెట్టేవాడు. అది మామ్మది. కాయల కోసం కాదు, ధనుర్మాసంలో గొబ్బెమ్మల నెత్తిన పెట్టే పూల కోసం. తెలంగాణలో బతుకమ్మకీ గుమ్మడి పువ్వు కావాలి కదా. మాకు ఆ గిరాకీ సంక్రాంతి నెలలో వచ్చేది. పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదరక ముందే ముడుచుకుపోతుంది. కాబట్టి చలిలో లేవాలి. లేచినవాళ్లకి మామ్మ చెప్పే రూలు ఒక్కటే: “సన్న కాడ పువ్వు కొయ్యి, కింద పిందె ఉన్నది ముట్టుకోకు.” సన్న కాడది మగపువ్వు. గుమ్మడి తీగ మొదట మగపూలే పూస్తుంది, ఆడపూలు తర్వాత వస్తాయి. పొద్దు తగ్గి చలి తగిలితే ఆడపూల పాలు పెరుగుతుందని వృక్షశాస్త్రం చెబుతుంది. తాతయ్య అదే విషయాన్ని “దీనికి కాస్త వణుకు పుట్టాలిరా, అప్పుడు గానీ పిందెయ్యదు” అనేవాడు. మగపూలన్నీ గొబ్బెమ్మలకే పోతే తేనెటీగలు ఏం మోసుకెళ్తాయని ఆయన గొడవ. పండక్కి పువ్వు లేకపోతే కాయెందుకని ఆవిడ గొడవ. ఇది ఏటా జరిగేది, ఎవరూ నెగ్గేవారు కాదు.

పిందెను వేలెత్తి చూపకూడదు. చూపితే మురిగిపోతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. దీని గుట్టు తెలుసుకోవడం కష్టమేం కాదు. పుప్పొడి అందని పిందె కూడా విచ్చిన రోజున ముద్దుగానే ఉంటుంది. నాలుగైదు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. ఆ లోపల ఏ పిల్లాడో వేలెత్తి చూపే ఉంటాడు. నింద వేలి మీద పడుతుంది. అయినా నేను ఇప్పటికీ గుప్పిట మూసి, మడిచిన పిడికిలితోనే చూపిస్తాను.

కార్తీక పౌర్ణమి వెళ్లాక కోత. లేత బూడిద గుమ్మడికి ఒళ్లంతా నూగు ఉంటుంది. ఆ నూగు రాలి, తెల్లటి బూడిద పట్టి, కాడ ఎండుముఖం పట్టాక తాతయ్య నిచ్చెన వేసుకుని మేటెక్కేవాడు. కాడ జానెడు ఉంచి కోసి కిందికి అందిస్తే, మేం భుజాన వేసుకుని వసారాలోకి మోసేవాళ్లం. గుమ్మడికాయల దొంగ సామెతలో ఆ దొంగ భుజాలెందుకు తడుముకున్నాడో ఆ రోజు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ బూడిదను తుడిస్తే మాత్రం వీపు విమానం మోతే. అది మైనం లాంటి పూత. కాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. ఆ నీరు బయటికి పోకుండా కాపాడేది ఆ పూతే.

కోసిన కాయల్లో మా ఇంట్లో ఉండేవి సగానికి తక్కువే. మిగతా లెక్క మామ్మ నోట్లో ఉండేది. సంక్రాంతికి దానమిచ్చే కాయ పక్కకి. గుమ్మానికి దిష్టి కోసం కట్టేది ఇంకోటి. ఏలూరులో పిన్ని వాళ్లకి ఒకటి గోనెసంచిలో బస్సెక్కేది. అన్నిటికన్నా పెద్దది కొల్లేరు లంకలో మేనత్తకి. ఎందుకంటే బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీళ్లతో ఆ రోజుల్లో ఆశ్వయుజం, కార్తీకాల్లో వాళ్ల ఇంటి చుట్టూ సరస్సే. పాదు పెట్టడానికి పొడి నేల ఏదీ? ఉప్పుటేరు ఆ నీటిని మెల్లగా సముద్రంలోకి లాగేదాకా కూరగాయ ఏదైనా తాటిదోనెలో రావాల్సిందే. గుమ్మడికాయ వెళ్లిన సంచి ఖాళీగా తిరిగొచ్చేది కాదు. తడిగుడ్డలో చుట్టిన కొరమీనులో, ఉప్పుచేపలో ఉండేవి. ఎవరు ఎవరికి బాకీయో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, వాళ్లూ తేల్చుకోలేదు.

ఇక వడియాలు. బూడిద గుమ్మడి మొదటి దెబ్బ ఆడవాళ్లు వేయకూడదని ఆచారం. తాతయ్య వచ్చి పగలగొట్టి, పెద్ద పని చేసినట్టు కండువా దులుపుకుని వెళ్లిపోయేవాడు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. గింజలూ దూదీ తీసేసి, చెక్కుతోనే కత్తిపీట మీద సన్నగా తరగాలి. ఉప్పూ పసుపూ కలిపి, పల్చటి పంచెలో మూటగట్టి, వాలుగా పెట్టిన పీట మీద ఉంచి, పైన తిరగలి రాయి ఎత్తాలి. రాత్రంతా నీరు బొట్లు బొట్లుగా దిగుతుంది. వడియం పెట్టడమంటే ఒక రకంగా కాయలోంచి నీటిని ఒప్పించి పంపడమే. తొందరపడి చేత్తో పిండేస్తే ముక్క నలిగి పిప్పి అవుతుంది, వేయించినప్పుడు పంటికి తగలదు.

నానబెట్టిన మినప్పప్పును తెల్లవారకుండానే రుబ్బురోట్లో, గారెల పిండి కన్నా గట్టిగా రుబ్బాలి. తడి కావాలంటే మూటలోంచి దిగిన నీరే చిలకరించాలి తప్ప చెంబు నీళ్లు పోయకూడదు. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, కాస్త ఇంగువ. ఉప్పు దగ్గర చెయ్యి వెనక్కి లాగాలి, ముక్కల్లో ఇంతకు ముందే పడింది కనుక. ముక్కలు కలిపిన పిండి ఎక్కువసేపు ఉంటే నీరొదిలి పలచబడుతుంది. ఎండ వచ్చేసరికి నులకమంచం మీద తడి పంచె పరిచి ఉండాలి. మూడో రోజు పంచెను తిరగేసి, వెనక నీళ్లు చల్లి, ఒక్కొక్కటీ విరక్కుండా ఊడదీయాలి. మళ్లీ చేటల్లో గలగలమనేదాకా ఎండ. ఈ లోపల బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే అంతా బూజే. అందుకే మామ్మ పంచాంగంతో పాటు ఆకాశవాణి విజయవాడ కేంద్రం వాతావరణం కూడా వినేది, రెంటిలోనూ నమ్మకం సగం సగమే. కాకుల కాపలాకి మేం, మాకు కాపలాగా తాతయ్య. పచ్చి వడియం పిండి రుచి ఎరిగిన పిల్లలు కాకుల కన్నా ప్రమాదం.

ఒక అక్టోబరులో అమ్మా నాన్నా టెక్సాస్‌లో తమ్ముడి దగ్గరున్నారు. మనవలు వాళ్లని గుమ్మడి తోటకి తీసుకెళ్లారు. ట్రాక్టరు వెనక బండిలో తిరగడం, తలా ఒక కాయ ఏరుకోవడం, ఫొటోలు. నాన్నకి అక్కడ నచ్చింది గడ్డిమోపులు. మా ఊళ్లో కోత యంత్రాలు వచ్చాక మేటు వేసేవాళ్లే కరువయ్యారు, కొల్లేటి వైపు చాలాచోట్ల వరి పొలాలే చేపల చెరువులయ్యాయి. సముద్రాలు దాటి వెళ్తే గడ్డి పక్కన గుమ్మడికాయ కనిపించింది. ఆ కాయల్ని తొలిచి దీపాలు పెడతారు, పండగ వెళ్లాక పారేస్తారు. ఐర్లండు వాళ్లు తమ దేశంలో టర్నిప్ దుంపలను అలా తొలిచేవారట, అమెరికా వచ్చాక గుమ్మడి దొరికింది. అమ్మ ఊరుకోలేక ఒకటి కోసి పులుసు పెట్టింది. చప్పగా, పీచుగా ఉందని తేల్చింది. నిజమే, అవి చెక్కడానికి పెంచిన రకాలు. అక్కడ ఇల్లినాయ్ రాష్ట్రంలో డబ్బాల్లోకి ఎక్కే గుమ్మడి వేరు, అది మన తీపి గుమ్మడి జాతిదే.

ఆ మాటకొస్తే తీపి గుమ్మడి మనకి వచ్చింది కూడా అటు నుంచే. మెక్సికోలో ఒక గుహలో దొరికిన గుమ్మడి గింజల వయసు సుమారు 10,000 ఏళ్లు. మన సంక్రాంతి దప్పళంలో తేలే ఎర్ర ముక్క సముద్రాల అవతలి ఖండం నుంచి వచ్చిన చుట్టం; ఆసియా సొంతం బూడిద గుమ్మడి ఒక్కటే. కాబట్టి వాళ్ల తోట సరదాని నేను ఎగతాళి చేయను. తాత చెయ్యి పట్టుకుని మనవడు గుమ్మడికాయ ఏరుకోవడంలో తప్పేముంది? నాకు కొరతగా తోచేది ఒక్కటే, తలా ఒక కాయ. పిల్లాడు ‘నాది’ అని పట్టుకోగలిగే సైజులో ఉంది ఆ కాయ. మా మేటు మీది పెద్ద కాయ ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేది కాదు.

ఇప్పుడు ఆ వరస నాన్నది. ఏలూరులో ఇంటి డాబా మీద, సగానికి కోసిన నీలం డ్రమ్ములో బూడిద గుమ్మడి పెడుతున్నాడు. డాబా ఎండ వడియాలకి మేటి, ఆ మాట ఒప్పుకోవాలి. నులకమంచం దీని ముందు బలాదూర్. క్రిస్మస్ సెలవులకి తమ్ముడి పిల్లలు దిగే వేళకి కాయ సిద్ధంగా ఉంటుంది. మొదటి దెబ్బ నాన్న వేస్తాడు. పోయినేడు మనవరాలు తను వేస్తానంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, “తాతయ్య చెయ్యి కూడా కత్తి మీద ఉంటే పర్లేదులే” అని చట్టసవరణ చేసింది. పిల్లది కొట్టింది, కాయ పగిలింది, ఇల్లు బాగానే ఉంది.

తీగకి మాత్రం ఇంటి హద్దులు తెలియవు. పిట్టగోడ దాటి పక్కింటి డాబా మీదికి పాకింది. అటు వేలాడిన కాయ వాళ్లదేనని నాన్న మొదట్లోనే పెద్దరికంగా మాటిచ్చేశాడు. ఈ ఏడు ఇటువైపు కాసినవి రెండే, అటువైపు ఎన్నో మేం పిడికిలితో లెక్కపెడుతున్నాం. పక్కింటావిడ మంచిది, కాయలు ఇచ్చేస్తానంటోంది. నాన్న ఒప్పుకోవడం లేదు. కాయలొద్దుట, వడియాలు పెట్టి అందులో సగం ఇవ్వాలట. మినప్పప్పు ఎవరిదన్న దగ్గర బేరం ఆగింది.