పూర్ణాంక లక్షణము: పావులూరి గణితమును, రస్టు భాషా వివరణమును

వాడరేవు తీరమునుండి చీరాల మీదుగ లోపలికి పోవువానికి పత్తియు మిరపయు పండు నల్లరేగడి భూములు కానవచ్చును. ఆ భూములలోనే, ఇంకొల్లు ప్రాంతమున, పావులూరు కలదు. తెలుగున తొలి గణితగ్రంథమగు సారసంగ్రహ గణితమును రచించిన మల్లన ఈ కమ్మనాటి పావులూరివాడని పరిశోధకులు సాధారణముగ నంగీకరించుచున్నారు. కవికాల నిర్ణయ చర్చలలో ఈ గ్రంథము తరచు పేర్కొనబడుచుండును. దానిని వివరణగ్రంథముగ పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. తోడుగ నేటి వివరణము నొకదానిని గ్రహించితిని. అది రస్టు అను ప్రోగ్రామింగు భాషయొక్క ప్రామాణిక గ్రంథాలయమున పూర్ణాంకములను గూర్చి వ్రాయబడినది. రెండింటి కర్తవ్యమొక్కటియే: సంఖ్యతో పనిచేయువానికి దాని హద్దును, నడవడిని ముందుగ తెలుపుట.

గణితజ్ఞుని పూర్ణాంకమున కంతము లేదు. యంత్రమునందలి పూర్ణాంకమునకు కలదు. ఎనిమిది బిట్ల ఋణరహిత పూర్ణాంకము 0 మొదలు 255 వరకే పోగలదు. ఋణమును గూడ చేర్చుకొన్నచో దాని పరిధి −128 మొదలు 127 వరకు. రస్టు భాషయందు ఇట్టి పూర్ణాంకజాతులు పండ్రెండు. మల్లనకు మూలమైన గణితసారసంగ్రహమున మహావీరాచార్యుడు ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 స్థానములకు పేర్లు చెప్పెను. అరువదినాలుగు బిట్ల ఋణరహిత జాతి 20వ స్థానమగు మహాశంఖమువరకే చేరగలదు. 9వ శతాబ్దినాటి ఆ పట్టిక యంతయు నిముడుటకు 128 బిట్ల జాతి కావలెను. అది రస్టునకు 2018లో, 1.26వ కూర్పున, స్థిరముగ లభించినది.

ముందుగ ఈ వివరణముయొక్క గుణములను చెప్పవలెను. ప్రతి జాతికిని కనిష్ఠము, గరిష్ఠము, బిట్ల సంఖ్య స్థిరాంకములుగ నీయబడినవి. ఫలము హద్దు మీరినపుడు అవలంబింపదగిన మార్గములు నాలుగు వేరువేరు పేర్లతో చెప్పబడినవి. మహావీరుడు ఫలము మాలవలె ఇరుదెసల నొక్కతీరుగ నుండు గుణకారములను కొన్నిటిని కూర్చెను. 139ని 109చే గుణింప 15151 వచ్చుట అందొకటి. ఆ రెండంకెలును ఎనిమిది బిట్ల ఋణరహిత జాతిలో నిముడును. ఫలము మాత్ర మిముడదు. 'వ్రాపింగు' మార్గమున 47 వచ్చును. 'శాచురేటింగు' మార్గమున 255 వద్ద నాగిపోవును. 'చెక్డు' మార్గమున ఫలము లేదను నుత్తరము వచ్చును. 'ఓవర్‌ఫ్లోయింగు' మార్గమున 47తోపాటు హద్దు మీరినదను సూచనయు లభించును. ఒకే ప్రశ్నకు నాలుగు సమాధానములు, నాలుగును నియమబద్ధములే. ఇట్టి విభాగము చేసి, ఒక్కొక్కదానికి పేరిడి చెప్పుట శాస్త్రలక్షణము.

ఇక దోషములు. మొదటిది, ముప్పదిరెండు బిట్ల జాతిపుట నేను చదివిన ప్రతిలో ఏకవాక్య నిర్వచనముతో మొదలయి, వెంటనే పద్ధతుల జాబితాలోనికి పోవుచున్నది. సాధారణమగు కూడిక గుర్తు హద్దు వద్ద నేమి చేయునో ఆ పుట మొగమున చెప్పబడలేదు. పరీక్షానిర్మాణమున కార్యక్రమము నిలిచిపోవుననియు, విడుదలనిర్మాణమున, వేరుగ కోరనిచో, అంకె చుట్టు తిరిగి వచ్చుననియు భాషానిర్దేశ గ్రంథమున వెదకి తెలిసికొనవలెను. అందరు వాడు గుర్తునకు వివరణము దూరమునను, కొందరే వాడు పద్ధతులకు చేరువనను ఉండుట క్రమవిరుద్ధము.

రెండవది ఉదాహరణములకు సంబంధించినది. 'వ్రాపింగు' కూడికకు ఋణసహిత జాతులన్నిటియందును 100కు 27 చేర్చిన 127 వచ్చునను నుదాహరణ మొకటి కలదు. 127 ఎనిమిది బిట్ల జాతికి గరిష్ఠము. కావున అచట అది అంచును తాకి చూపు చక్కని యుదాహరణము. అరువదినాలుగు బిట్ల పుటలో నదియే వచ్చినపుడు దాని అర్థము నశించినది. అది వట్టి కూడిక. ఒకే మూలపాఠమునుండి యంత్రముచే అన్ని పుటలును పుట్టింపబడుటయే దీనికి కారణము. ఆ పద్ధతికి సమర్థన లేకపోలేదు. పండ్రెండు పుటలను చేతితో వ్రాసినచో నియమములు పుటకొక తీరుగ మారు ప్రమాదము కలదు. మరియు ఆ యుదాహరణములు యంత్రముపై నడపి సరిచూడబడునవి. లేఖకుని చేజారి అంకె తప్పిన తాళపత్రమున కిట్టి రక్షణ లేదు. కాని సత్యమగు నుదాహరణమెల్ల బోధకము కాజాలదు.

ఇచట మల్లన మార్గము స్మరణీయము. ఆయన మహావీరుని గణితనియమములను గ్రహించియు జైనపరమగు విషయములను శైవపరముగ మార్చెను. కొన్నిటిని విడిచి, కొన్నిటిని స్వయముగ చేర్చెను. దీనిని మతాభిమానముగ మాత్రమే చూచుట చాలదు. నియమము అందరిది, ఉదాహరణము చదువరిది అను వివేకము అందు కలదు. ఆ వివేకముతో ముప్పదిరెండు బిట్ల పుటకు మన మిరప వ్యాపారి ఖాతా నుదాహరణముగ నీయవచ్చును. ఖాతాను పైసలలో వ్రాసినచో ఆ జాతి గరిష్ఠమగు 2147483647 పైసలు 2,14,74,836 రూపాయల 47 పైసలగును. పెద్ద వ్యాపారికి ఒక పంటకాలపు మొత్త మింత దాటుట అరుదు కాదు. అందు మరియొక పైస చేరి, అంకె చుట్టు తిరిగినచో, ఖాతా 2,14,74,836 రూపాయల 48 పైసల ఋణమును చూపును. రావలసినవాడు ఈయవలసినవాడగును. ఈ యొక్క యుదాహరణము చదివిన విద్యార్థి హద్దును మరువడు.

ఇది కేవలము పండితచర్చ కాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన నిమిషములోపుననే నాశనమయ్యెను. అరువదినాలుగు బిట్ల దశాంశసంఖ్యను పదునారు బిట్ల పూర్ణాంకముగ మార్చుటలో హద్దు మీరుట దానికి మూలము. ఆ సంఖ్యకు రక్షణ ఏల విడువబడెనో ఆ కార్యక్రమపాఠమున వ్రాయబడలేదనియు, ఇతర పత్రముల రాశిలో ఆ నిర్ణయము మరుగుపడెననియు విచారణసంఘము తేల్చినది. హద్దు తెలియనివారు లేరు. తెలిసినది చూడవలసినచోట వ్రాయబడలేదు. కాలమును ముప్పదిరెండు బిట్ల ఋణసహిత జాతిలో లెక్కించు పాతయంత్రములకు 2038 జనవరి 19న ఇట్టి గండమే కలదు.

కావున రస్టు వివరణము విభాగమున సమర్థము, ఉదాహరణమున దుర్బలము అని నా నిర్ణయము. నియమపాఠమును అన్ని జాతులకు నేకముగనే యుంచి, ప్రతి జాతికి దాని అంచును తాకు నుదాహరణము నొకదానిని చేతితో వ్రాయవలెను. కూడిక గుర్తు నడవడిని పుట మొదటనే చెప్పవలెను. ఈ ప్రాంతపు విద్యార్థులు నేడు ఇట్టి వివరణములను ఆంగ్లముననే చదివి ఉద్యోగములకు పోవుచున్నారు. వానిని తెలుగున వ్రాయ పూనుకొనువారు మాటకు మాట పెట్టుటతో తృప్తిపడరాదు. నియమమున అక్షరము జారనీయక, ఉదాహరణమును మాత్రము మన నేలనుండి తీసికొనవలెను. ఆ మార్గమును పావులూరివాడు శతాబ్దుల క్రిందటనే చూపియున్నాడు.