గేటు లోపలి సంగతి

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన మొదటి వారం అది. 2024 సెప్టెంబరు 5, గురువారం మధ్యాహ్నం. కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రపు సస్కటూన్ నగరంలోని ఎవన్ హార్డీ కలీజియేట్ హైస్కూల్లో 15 ఏళ్ల విద్యార్థినికి 14 ఏళ్ల ఇంకో విద్యార్థిని నిప్పంటించింది. కాపాడబోయిన టీచరుకూ గాయాలయ్యాయి. ఒళ్లు కాలిన అమ్మాయిని ఆస్పత్రికి తరలించారు. రెండో అమ్మాయిపై పోలీసులు హత్యాయత్నం కేసు పెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండని నిందితుల పేర్లు బయటపెట్టకూడదని కెనడా చట్టం.

ఇలాంటి వార్త విన్న తల్లిదండ్రులు ఏ ఊళ్లోనైనా అవే ప్రశ్నలు అడుగుతారు. గేటు దగ్గర సంచులు వెతకాలా? మెటల్ డిటెక్టర్లు పెట్టాలా? ప్రతి హైస్కూల్లో పోలీసు ఉండాలా? కెమెరాలు పనిచేస్తున్నాయా? అడగడం వాళ్ల హక్కు. పొద్దున బస్సెక్కించిన బిడ్డ సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలని కోరుకోవడంలో తప్పేముంది? అయితే ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది. ప్రమాదం బయటినుంచి వస్తుందనీ, గేటు దగ్గర దాన్ని ఆపెయ్యొచ్చనీ. ఎవన్ హార్డీలో జరిగింది ఆ నమ్మకంలో ఇమడదు. దాడి చేసిన అమ్మాయి పేరు కూడా బడి హాజరు పట్టీలోనే ఉంది.

అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇదే సస్కాచెవాన్ రాష్ట్రంలో, సస్కటూన్‌కు వాయవ్యంగా సుమారు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్న లా లోష్ అనే ఊరు ఇంతకన్నా పెద్ద దెబ్బ తింది. 2016 జనవరి 22న 17 ఏళ్ల కుర్రాడు ముందు ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల్ని కాల్చి చంపి, తర్వాత డెనె హైస్కూలుకు వెళ్లి కాల్పులు జరిపాడు. బడిలో ఒక టీచరు, ఒక సహాయ టీచరు చనిపోయారు. ఏడుగురు గాయపడ్డారు. అతనూ బయటివాడు కాదు, ఊరి పిల్లాడే. బడికి వెళ్లేముందు తను చేసిందీ, చేయబోయేదీ ఫోన్లో స్నేహితులకు రాసి మరీ వెళ్లాడు.

హైదరాబాద్ వైపు చూసినా గేటు కథ ఇంతే. 2022 అక్టోబరులో బంజారాహిల్స్ డీఏవీ పబ్లిక్ స్కూల్లో నాలుగేళ్ల పాపపై లైంగిక దాడి చేసిందెవరు? గోడ దూకి వచ్చినవాడు కాదు. ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. ఏ వాచ్‌మన్ అయినా అడ్డు చెప్పకుండా లోపలికి పంపే మనిషి. విషయం బయటపడిందీ కెమెరా వల్ల కాదు, పాప తీరులో తేడా కనిపెట్టిన తల్లిదండ్రుల వల్ల. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి ఇరవయ్యేళ్ల జైలు వేసింది. మధ్యలో ప్రభుత్వం బడి గుర్తింపు రద్దు చేస్తే, పిల్లల చదువు ఏం కావాలంటూ తల్లిదండ్రులే వెళ్లి మళ్లీ తెరిపించుకోవలసి వచ్చింది. పిల్లలపై లైంగిక నేరాల్లో పదికి తొమ్మిది కేసుల్లో నిందితుడు బిడ్డకు తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి.

అలాగని తాళాలూ డ్రిల్లులూ దండగ అనుకోకూడదు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. వంటపాక నిప్పు, తాటాకుల కప్పు, ఇరుకు మెట్లు. ఆ ఘటన తర్వాత వేసిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు సురక్షితమైన బడి కూడా విద్యాహక్కులో భాగమని తేల్చింది. అంతకు చాలాముందు, 1958 డిసెంబరు 1న, షికాగోలోని ఒక బడిలో అగ్నిప్రమాదం 92 మంది పిల్లల్నీ ముగ్గురు సన్యాసినుల్నీ పొట్టన పెట్టుకున్నాక అమెరికా బడుల అగ్నిమాపక నియమాలు తలకిందులుగా మారాయి. కెనడా బడుల్లో ఫైర్ డ్రిల్ ఇప్పుడు హాజరు పిలిచినంత మామూలు. లాక్‌డౌన్ డ్రిల్ కూడా ఉంది. అంటే తరగతి తలుపుకు తాళం వేసి, దీపాలార్పి, బయటికి కనిపించని మూల పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చోవడం. వీధిలో ఏదైనా గొడవ జరుగుతుంటే బయటి తలుపులు మాత్రం మూసి లోపల పాఠాలు నడిపించే పద్ధతి వేరే ఉంది. రెండూ పిల్లలకు ముందుగా చెప్పి, భయపెట్టకుండా చేయించాలి. ఉత్తుత్తి కాల్పులు, నకిలీ నెత్తురుతో చేసే నాటకాలు చిన్నపిల్లల మీద ప్రయోగించడం తప్పు. ఏడేళ్ల బిడ్డకు నేర్పాల్సింది టీచరమ్మ చెప్పినట్టు కూర్చోవడం, అంతే.

కానీ డ్రిల్లు పనికొచ్చేది ఆపద వచ్చిపడ్డాక. రాకముందు చేసే పని వేరే ఉంది. పేపర్లలో ఫొటో పడని పని అది.

1999 ఏప్రిల్ 28న, అమెరికాలో కొలంబైన్ హైస్కూలు కాల్పులు జరిగిన ఎనిమిది రోజులకే, సస్కాచెవాన్ పక్క రాష్ట్రమైన ఆల్బర్టాలోని టేబర్ పట్టణంలో ఒక కుర్రాడు తన పాత హైస్కూల్లో కాల్పులు జరిపి ఒక విద్యార్థిని చంపాడు. ఆ తర్వాత కెవిన్ కామెరాన్ అనే నిపుణుడి చొరవతో కెనడా బడుల్లోకి ఒక విధానం వచ్చింది. ఒక పిల్లవాడు బెదిరించాడనో, ఒళ్లు కోసుకుంటున్నాడనో, రాతల్లో బొమ్మల్లో హింస కనిపిస్తోందనో తెలిస్తే ప్రిన్సిపాల్, కౌన్సెలర్, పోలీసు, మానసిక ఆరోగ్య సిబ్బంది ఒకచోట కూర్చుంటారు. శిక్ష సంగతి తర్వాత. ముందు అడిగేవి కొన్ని ఉన్నాయి. నోటి మాటేనా, పథకం ఉందా? ఆయుధం చేతికందే దారి ఉందా? ఈ మధ్య ప్రవర్తన మారిందా? ఇంట్లో ఏం జరుగుతోంది? వీడికి దగ్గరైన పెద్ద మనిషి ఎవరు? చివరి ప్రశ్నకు జవాబు దొరకని పిల్లవాడి గురించే అందరికన్నా ఎక్కువ ఆలోచించాలి.

ఈ పద్ధతికి ఆధారం గట్టిదే. అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 37 బడి దాడుల్ని పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. వాటిలో 81 శాతం ఘటనల్లో దాడి చేసేవాడి ఆలోచన కనీసం ఒక్కరికి ముందే తెలుసు. ఆ ఒక్కరు చాలావరకు తోటి పిల్లలే. విన్నవాళ్లు ఎందుకు చెప్పలేదంటే, ఉత్తి మాటలే అనుకున్నారు, లేదా ఎవరికి చెప్పాలో తెలియలేదు, లేదా చెబితే తమ మీదికే వస్తుందని భయపడ్డారు.

తప్పు చేసిన పిల్లవాణ్ణి బడినుంచి పంపేస్తే పీడ పోతుందన్న వాదన ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఒంటారియో రాష్ట్రం 2000లో తెచ్చిన సేఫ్ స్కూల్స్ యాక్ట్‌తో దాన్ని ప్రయత్నించి చూసింది. సస్పెన్షన్లు తప్పనిసరి అయ్యాయి. నల్లజాతి పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు ఎక్కువగా బలవుతున్నారన్న ఫిర్యాదు అక్కడి మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లాక 2008లో నిబంధనలు మార్చారు. ఇంటికి పంపిన పిల్లవాడి కోపం ఇంట్లో తగ్గుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

పోలీసుల సంగతి ఇంకా చిక్కు. 2007లో ఒక టొరంటో హైస్కూల్లో జోర్డన్ మానర్స్ అనే 15 ఏళ్ల బాలుడు తుపాకీ గుండుకు బలైతే, మరుసటి ఏడు అక్కడి బడుల్లోకి పోలీసులొచ్చారు. 2017 నవంబరులో బోర్డే ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. సర్వేలో చాలామంది పిల్లలు పోలీసు ఉంటే ఫర్వాలేదన్నారు. కానీ తమను అనుమానంగా చూస్తున్నారని చెప్పిన పిల్లల మాటకే బోర్డు విలువిచ్చింది. వాంకూవర్ 2021లో పోలీసులు వద్దంది, బోర్డు మారాక 2023లో మళ్లీ పిలిచింది. విక్టోరియాలో పోలీసులు వద్దన్న స్కూలు బోర్డును 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వమే రద్దు చేసింది.

సస్కటూన్ హైస్కూళ్లకు పోలీసు అధికారులు వస్తూనే ఉన్నారు. ఇక్కడి చర్చకు ఇంకో బరువుంది. 1990 నవంబరులో నీల్ స్టోన్‌చైల్డ్ అనే 17 ఏళ్ల ఆదివాసీ బాలుడు నగర శివారులో గడ్డకట్టి శవమై దొరికాడు. చనిపోయిన రాత్రి అతను పోలీసుల అదుపులో ఉన్నాడని 2004లో విచారణ కమిషన్ తేల్చింది. ఈ నగరంలో ఆదివాసీ తల్లి ఎవరైనా బడి నడవాలో యూనిఫాం చూసి ఉలిక్కిపడితే, అది అతిభయమని కొట్టిపారేసే హక్కు కొత్తగా వచ్చి స్థిరపడ్డ మనకు లేదు. పిల్లల పేర్లు తెలిసిన, భోజనాల గదిలో వాళ్లతో కూర్చునే అధికారి మేలు చేయగలడు. కానీ అతను కౌన్సెలర్‌కు బదులు కాడు. ఉండాలా వద్దా అన్నది ముందుగా ఆ తల్లుల్నే అడగాలి.

మరి పిల్లల్ని దగ్గరగా చూసేదెవరు? దీనికి సస్కాచెవాన్ 2024లోనే ఒక జవాబు చూసింది. ఆ ఏడు జనవరి 16న రాష్ట్రమంతా టీచర్లు ఒక్కరోజు సమ్మె చేశారు. జీతాలతో పాటు వాళ్లు పట్టుబట్టింది తరగతి స్థితి గురించి. ఒకే గదిలో ఇంగ్లిష్ రాని కొత్త పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, కోపం ఆపుకోలేని పిల్లలు, వాళ్లందరికీ ఒక్క టీచరు. తర్వాతి వారాల్లో మధ్యాహ్నం భోజన వేళ పర్యవేక్షణ మానేశారు. అది వాళ్లు ఇష్టపూర్వకంగా చేస్తున్న పని. మానేసిన రోజుల్లో చాలాచోట్ల పిల్లల్ని భోజనానికి ఇంటికి తీసుకెళ్లమని తల్లిదండ్రులకు కబురెళ్లింది. భవనం అదే, తాళాలు అవే, కెమెరాలు అవే. నడవాలో తిరిగే పెద్దవాళ్లు లేకపోయేసరికి బడి పిల్లల్ని ఉంచుకోలేనంది. తరగతి పరిస్థితుల గొడవ చివరికి మధ్యవర్తి దాకా వెళ్లి, 2025 మార్చిలో తీర్పు వచ్చింది.

బడికి మనుషుల్ని పెంచాలంటే డబ్బు కావాలి. 2009 నుంచి సస్కాచెవాన్‌లో విద్యాపన్ను రేటు నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమే. సస్కటూన్ పబ్లిక్ స్కూల్స్‌కు ఇంకో నలుగురు కౌన్సెలర్లు కావాలంటే రాష్ట్ర రాజధాని రెజైనా వైపు చూడాలి. కెమెరా కొంటే ఒకసారి ఖర్చు, రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగొచ్చు. కౌన్సెలర్ జీతం ఏటా ఇవ్వాలి. రాజకీయం మొదటిదాన్నే ఎంచుకుంటే ఆశ్చర్యమేముంది? అయినా ఖర్చు పెట్టాల్సింది రెండోదాని మీదే.

ఇంకో మాట మన ఇళ్ల గురించి. చాడీలు చెప్పకు, మనకెందుకు ఆ గొడవ, నీ చదువు నువ్వు చూసుకో. తెలుగు పిల్లలు ఈ మూడు మాటలూ వింటూ పెరుగుతారు. పరాయి దేశంలో ఆ జాగ్రత్త ఇంకా పెరుగుతుంది. వీసా ఏమవుతుందో, మాటపడాల్సి వస్తుందేమో అన్న భయం పెద్దవాళ్లనుంచి పిల్లలకు పాకుతుంది. కానీ బెదిరింపుల్ని ముందే పసిగట్టే పద్ధతి మొత్తం పిల్లలు నోరు విప్పడం మీదే నడుస్తుంది. పక్క సీటు పిల్లవాడు రేపు రావద్దు అన్నాడని మీ అమ్మాయి చెబితే, ఆ మాట పట్టుకొచ్చినందుకు ఆమెను మెచ్చుకుని, ఆ సాయంత్రమే బడికి ఫోన్ చేయండి. చివరికి అది ఉత్తి మాటేనని తేలినా పోయేదేమీ లేదు.

సస్కటూన్‌లో పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల దగ్గరే లేచి రాకండి. ఈ బడిలో కౌన్సెలర్ వారానికి ఎన్ని రోజులుంటారు? భోజన వేళ నడవాల్లో ఎవరు తిరుగుతారు? మా బిడ్డకు కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో బిడ్డకు తెలుసా? ఇవి అడగండి. మీ బడి స్కూల్ కమ్యూనిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి అక్కడా అడగండి. జవాబులు సరిగా లేకపోతే మీ వార్డు ట్రస్టీకి, మీ ఎమ్మెల్యేకి ఉత్తరం రాయండి. ఓటు హక్కు ఇంకా రాకపోయినా ఉత్తరం రాయొచ్చు.