పదహారో నంబరు పనితనం

విశాఖలో సీతమ్మధార నుంచి దక్షిణానికి దిగితే గురుద్వారా జంక్షన్ దగ్గర జాతీయ రహదారి తగులుతుంది. ఊరివాళ్లకు అది ఒట్టి ‘హైవే’. కొన్ని పాత చిరునామాల్లో ఇప్పటికీ ఎన్‌హెచ్-5. ప్రభుత్వ బోర్డుల మీద మాత్రం ఎన్‌హెచ్-16. 2010 ఏప్రిల్ 28న కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ దేశంలోని జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇస్తూ గెజిట్ వెలువరించింది. అప్పుడే మన 5 కాస్తా 16 అయింది. అయిదు పోయి పదహారు వస్తే ఒరిగిందేమిటని చాలామంది అడిగారు. ఆ నంబరును అల్లిన తీరు విప్పి చూస్తే, రోడ్డుకు పేరు పెట్టడమూ ఒక శిల్పమేనని ఒప్పుకోవలసి వస్తుంది.

ముందు పాత చిక్కు సంగతి. ఈ దారికి తొలినాళ్లలో ఉన్నది నంబరు కాదు, పేరు. మద్రాసు నుంచి ఉత్తరాదికి పోయే ట్రంకు రోడ్డు ఇది. శ్రీకాకుళంలోనూ గుంటూరులోనూ జీటీ రోడ్డు అనీ, ఏలూరులో జీఎన్‌టీ రోడ్డు అనీ ఆ పేరు ఇంకా మిగిలే ఉంది. అయితే కోల్‌కతా నుంచి పెషావర్ దాకా సాగే దారి కూడా జీటీ రోడ్డే. రెండు మహామార్గాలకు అవే పొడి అక్షరాలు.

తరవాత నంబర్లు వచ్చాయి. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. కొత్త రోడ్డు చేరినప్పుడల్లా కొత్త అంకె తగిలించారు, లేదా ఉన్న అంకెకు ఒక అక్షరం అతికించారు. ఒడిశాలో పారాదీప్ రేవుకు పోయేది 5-ఏ. ఉత్తర బెంగాల్, సిక్కిం వైపు 31-ఏ, 31-సి, 31-డి. ఏ అంకె ఏ దిక్కున ఉంటుందో చెప్పే సూత్రం బాటసారి చేతిలో లేదు. చెన్నై నుంచి కోల్‌కతాకు లారీ తోలుకుపోయే డ్రైవరు బాలాసోర్ దాకా 5 మీద, అక్కడి నుంచి ఖరగ్‌పూర్ దాకా 60 మీద, ఆపైన 6 మీద పోవాలి. బాలాసోర్ దాటాక కూడా 5నే నమ్ముకుంటే బారిపదా మీదుగా ఝార్‌పొఖరియా చేరతాడు. ప్రయాణం ఒకటే, నంబర్లు మూడు. పైగా తోవ చూపించాల్సిన అంకే తోవ తప్పించేది.

కొత్త పద్ధతి మొత్తం రెండు వాక్యాల్లో ఇమిడిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్లకు సరి సంఖ్యలు, అవి తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. తూర్పు పడమరలుగా సాగే రోడ్లకు బేసి సంఖ్యలు, అవి ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేకొద్దీ పెరుగుతాయి. ఇది తెలిస్తే చాలు, నంబరు దానంతట అదే మాట్లాడటం మొదలుపెడుతుంది.

తెలుగు నేల మీదే పరీక్షించి చూడండి. కోస్తా పొడుగునా 16. రాయలసీమలో కర్నూలు నుంచి చిత్తూరు వైపు దిగే దారి 40. ఇంకా పడమరకు జరిగితే హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44. అలాగే దేశాన్ని అడ్డంగా దాటి పడమటి సముద్రం ఒడ్డుకు పోతే, పన్వెల్ నుంచి కన్యాకుమారి దాకా 66. పదహారు తూర్పు తీరాన, అరవై ఆరు పడమటి తీరాన. ఇక బేసి సంఖ్యలకు వస్తే ఉరి, శ్రీనగర్, లేహ్ దారి నంబరు 1. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే పాత 9 ఇప్పుడు 65. ఉత్తరాన ఒకటితో మొదలైన వరస కృష్ణా తీరానికి వచ్చేసరికి అరవై దాటింది. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 16, 65 కలుసుకునే చోట కొత్తవాడు బండి ఆపినా, సరి సంఖ్య ఎటు తీసుకుపోతుందో బేసి సంఖ్య ఎటు తీసుకుపోతుందో ఎవరినీ అడగనక్కర లేదు.

ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం సీతమ్మధార దగ్గరే కనబడుతుంది. మద్దిలపాలెం నుంచి గురుద్వారా, అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం, కంచరపాలెం మీదుగా ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా హైవే దాదాపు నేరుగా పడమరకే పోతుంది. ఉత్తరాన కొండల వరస, దక్షిణాన రేవు. ఆ రెంటి సందులోంచి ఒదిగి పోవడం తప్ప దానికి వేరే దారి లేదు. ఎన్ఏడీ దాటాకే గాజువాక వైపు తిరుగుతుంది. ఈ ముక్క ఒక్కదాన్నే చూసి నంబరు పెడితే బేసి సంఖ్య రావాలి. కానీ పద్ధతి అల్లినవాళ్లు ముక్కను కాదు, యాత్రను చూశారు. కోల్‌కతా నుంచి చెన్నై దాకా సుమారు 1,700 కిలోమీటర్ల దారి మొత్తం ఉత్తర దక్షిణాలుగా నడుస్తుంది కాబట్టి అది సరి సంఖ్యే. మధ్యలో వచ్చే వంపుల కోసం పేరు మారదు. బాలాసోర్ దగ్గర మారిపోయే నంబర్ల బెడద కూడా దీంతోనే తీరింది. పాత 6, 60, 5 నంబర్ల ముక్కలు కలిసి ఒకే పేరు కిందికి వచ్చాయి. స్వర్ణ చతుర్భుజిలో తూర్పు భుజం మొత్తానికి ఒకే అంకె దక్కింది.

ఇక కొమ్మల సంగతి. మూడంకెల నంబరులో చివరి రెండు అంకెలు ఇంటిపేరు, ముందున్న అంకె పిల్ల పేరు. కోలాఘాట్ నుంచి హల్దియా రేవుకు పోయేది 116. భువనేశ్వర్ నుంచి పూరీకి పోయేది 316. మన కోస్తాలో కత్తిపూడి దగ్గర 16ను విడిచి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల చూసుకుని ఒంగోలులో మళ్లీ 16లో కలిసేది 216. ఇదివరకు ఈ ఒడ్డు దారి రెండు నంబర్ల కింద చీలి ఉండేది. కత్తిపూడి నుంచి పామర్రుకు 214, దిగమర్రు నుంచి ఒంగోలుకు 214-ఏ. ఆ నంబర్లలో 5తో చుట్టరికం చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఇప్పుడు 216 అనగానే, ఇది పదహారులోంచి పుట్టిన దారి అని అంకే చెబుతుంది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. కొమ్మలు పెరిగేకొద్దీ అక్షరాలు మళ్లీ వచ్చి చేరాయి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే మన్యం దారి 516-ఇ. పాత అక్షరాలు చూసి విసిగినవాళ్లకు ఇది కాస్త నిరాశే. అయినా తేడా గమనించాలి. అక్షరం వచ్చినా ఇంటిపేరు పోలేదు. ఆ మన్యం దారిని చూసినవాడికి అది ఏ మహామార్గానికి చెందినదో ఇప్పటికీ తెలుస్తుంది. కిక్కిరిసినప్పుడు కూడా అసలు గుణం చెడిపోకుండా నిలవడం మంచి నిర్మాణానికి గుర్తు.

ఇలాంటి ఆలోచన లోకంలో కొత్తది కాదు. అమెరికాలో 1926లోనే రహదారులకు దిక్కుల్ని బట్టి నంబర్లిచ్చారు. అక్కడ ఉత్తర దక్షిణాలకు బేసి, తూర్పు పడమరలకు సరి. 1957లో ఇంటర్‌స్టేట్‌లకు నంబర్లు పెట్టేటప్పుడు అంకెలు పెరిగే దిక్కును మాత్రం తిప్పి, పడమర నుంచి తూర్పుకు, దక్షిణం నుంచి ఉత్తరానికి పెరిగేలా చేశారు. ఒకే అంకె ఉన్న పాత రోడ్డూ కొత్త రోడ్డూ పక్కపక్కన పడకూడదని ఆ జాగ్రత్త. అందుకే ఐ-5 పసిఫిక్ వైపు, ఐ-95 అట్లాంటిక్ వైపు ఉంటాయి. అక్కడ స్థిరపడిన మన పిల్లలకు ఈ లెక్క కొట్టిన పిండి. సొంత ఊరి హైవే కూడా ఇప్పుడు అలాంటి లెక్క మీదే నడుస్తోందని వాళ్లకు చెప్పాలి.

ఈ నంబరు ఎవరికి పనికొస్తుందంటే, ఊరు తెలియని మనిషికి, ఆపదలో ఉన్న మనిషికి. రాత్రిపూట హైవే మీద బండి ఆగిపోతే ఫోను చేయాల్సిన సహాయ నంబరు 1033. అవతలివాళ్లు అడిగేది ఏ రోడ్డు, ఏ కిలోమీటరు అని. పసుపు తల ఉన్న మైలురాయి కనబడితే అది జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. ఆ రాయి మీది రెండు అంకెలు చదివి చెబితే చాలు, పక్క ఊరి పేరు తెలియకపోయినా సాయం వస్తుంది.

ఈ నంబరు మార్పు ఎవరి జ్ఞాపకాన్నీ చెరపలేదు. వీధుల పేర్ల మార్పు సంగతి వేరు. విజయవాడలో బందరు రోడ్డు మహాత్మా గాంధీ రోడ్డు అయింది. సికింద్రాబాద్‌లో జేమ్స్ స్ట్రీట్ కూడా మహాత్మా గాంధీ రోడ్డే అయింది. మహనీయుణ్ని గౌరవించడం మంచిదే. కానీ ఊరూరా అదే పేరు పెడితే ఆ పేరు తోవ చూపలేదు. జనం ఇప్పటికీ బందరు రోడ్డు అనే అంటున్నారు, ఎందుకంటే ఆ మాటలో దారి ఎక్కడికి పోతుందో ఉంది. నంబరు ఈ పోటీలోకి దిగదు. పదహారు వచ్చినా గురుద్వారా గురుద్వారాగానే, ఎన్ఏడీ ఎన్ఏడీగానే ఉన్నాయి. స్థానికుడి నోటికి పేరు, పరాయివాడి కంటికి అంకె. రెండూ పక్కపక్కనే బతుకుతాయి.

విశాఖలోని మూడు భాగాల ఇంటి నంబరులోనూ ఇదే తెలివి ఉంది. మొదటి అంకె వార్డుది, రెండోది బ్లాకుది, మూడోది ఇంటిది. పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి వరసగా దిగే మెట్లవి. సీతమ్మధార, సీతమ్మపేట అనే రెండు పేర్లూ ఒకే నగరంలో ఉన్నప్పుడు, ఉత్తరం సరైన గుమ్మం చేరడానికి ఆ మొదటి అంకె ఎంత అండగా నిలుస్తుందో పోస్ట్‌మన్‌కు బాగా తెలుసు.

నగరం 2005లో గ్రేటర్ అయింది, చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుంది. కొత్త లేఅవుట్లలో ఎనభై అడుగుల రోడ్డు, మెయిన్ రోడ్డు లాంటి పేర్లు ఎక్కడ పడితే అక్కడ పుట్టుకొస్తాయి. వాటికి పేర్లు మార్చే రోజు వచ్చినప్పుడు పాలకులు పదహారో నంబరు దగ్గర మూడు పాఠాలు నేర్చుకోవాలి. పేరు కొత్తవాడికి అర్థం కావాలి. నగరంలో మరో పేరుతో కలిసిపోకూడదు. రేపు పుట్టబోయే వీధికి అందులో చోటుండాలి. ఈ మూడూ కుదిరాక, పాత పేరును కొన్నేళ్లు కొత్త పేరు కిందనే రాసి ఉంచాలి. అప్పుడు ఆ బోర్డు కింద నిలబడిన మనిషి ఎవరినీ అడగకుండానే ఇల్లు చేరతాడు. పేరు పెట్టినవాళ్ల పనితనానికి అంతకన్నా మంచి మెప్పు లేదు.