మీటరూ, తాళమూ

విద్యార్థులకు గదులు కిరాయికి ఇచ్చేవాళ్ళు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది కరెంటు లెక్క. హనుమకొండ నయీంనగర్‌లో మా మేడ మీద మూడు గదులున్నాయి. కాకతీయ యూనివర్సిటీలో, చుట్టుపక్కల కాలేజీల్లో చదివే పిల్లలు వాటిలో ఉంటారు. ఈ వాడల్లో చాలా ఇళ్ళకు ఒకటే మీటరు. గదికో సబ్‌మీటర్ బిగించి యూనిట్‌కు పది రూపాయలు తీసుకునే ఓనర్లు ఎందరో. పక్కింట్లోనూ అంతే కాబట్టి పిల్లలు మారు మాట్లాడరు.

ఒక్కో గదిలో నెలకు 90 యూనిట్లు కాలిందనుకోండి. ఒకే మీటరు మీద అది 270 అవుతుంది. తెలంగాణలో 2022లో పెరిగిన టారిఫ్ ప్రకారం, వాడకం 200 దాటిందంటే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడుతుంది, ఆపై 7.70. ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి వదిలేస్తే బిల్లు 1,559 రూపాయలు. అవే గదులకు విడి మీటర్లుంటే మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాత వంద దాకా 3.10. గదికి 221 రూపాయల 50 పైసలు, మూడింటికీ కలిపి 665 లోపే. పదేసి రూపాయల లెక్కన వసూలయ్యేది మాత్రం 2,700. విడి మీటర్ల బిల్లుతో పోలిస్తే ఆ తేడా రెండు వేలు ఏటూరునాగారం వైపు ఎవరో తల్లి మిర్చి ఏరి సంపాదించిన డబ్బు. దాన్ని ఆనవాయితీ పేరుతో తీసుకోవడానికి నాకు మనసొప్పదు.

మా గదులకు విడి మీటర్లు పెట్టించాను. ఎవరి బిల్లు వాళ్ళే ఫోన్లో కట్టుకుంటారు. నీళ్ళ మోటారు నా మీటరు మీదే. చలికాలం పొద్దున్నే హీటర్ రాడ్ ఎవరు పెట్టారని మెట్లెక్కి కేకలేసే పని లేదు. ఓనర్‌కూ పిల్లలకూ మధ్య సగం గొడవలు అక్కడే పోతాయి.

ఇక ఒప్పందం. స్టాంపు పేపర్ల మీద 11 నెలలని రాసుకోవడం ఇక్కడి అలవాటు. కానీ పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లవాడికి పదహారేళ్ళు కూడా నిండవు. మైనర్ చేసిన సంతకానికి కాంట్రాక్టు చట్టంలో విలువ లేదు. కాబట్టి తల్లో తండ్రో వచ్చి సంతకం చేయాలి.

వాళ్ళు ఊరినుంచి బియ్యం సంచితో, పచ్చడి డబ్బాలతో వస్తారు. సంతకం పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ తల్లి అడిగే మాట దాదాపు ఒకటే. "అక్కా, మావోణ్ణి జర కనిపెట్టుకొనుండు. ఎప్పుడొస్తుండు, ఎవరెవరొస్తున్రు, నాకు ఫోన్ల చెప్పు."

"జరమొస్తే దవాఖానకు తోల్కపోత, నీకు ఫోన్ చేస్త. గంతే చెల్లే. ఎవరొస్తున్రో పోతున్రో నేను రాసిపెట్టను" అంటాను. కొందరికి నచ్చదు, గది వద్దని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అయినా నేను ఆ మాట మార్చను. ఇంట్లో తలుపు గడియ పెట్టుకునే వీల్లేకుండా పెరిగిన పిల్లలు ఎంతోమంది. తమ పేరు మీద ఒక తాళంచెవి ఉండటం వాళ్ళకు ఇదే మొదటిసారి, ముఖ్యంగా ఆడపిల్లలకు. నా దగ్గర రెండో చెవి ఉంటుంది. పైపు పగిలితేనో పొగ వస్తేనో తప్ప అది గూట్లోంచి బయటికి రాదు.

కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా ఇదే చెబుతోంది. 24 గంటల ముందు తెలియజేయకుండా ఓనర్ లోపలికి వెళ్ళకూడదు, అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదు. దాన్ని అమలుచేయడం రాష్ట్రాల ఇష్టం. నా మూడు గదుల్లో పాటించడానికి నాకు ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

కులం సంగతి చెప్పకుండా కిరాయి ఇళ్ళ గురించి రాయడం నిజాయితీ కాదు. గది చూడ్డానికి వచ్చిన పిల్ల ఇంటిపేరు అడిగి, ఊళ్ళో ఇల్లు ఏ వాడలోనో అడిగి, ఆ తర్వాత "నిన్ననే ఇచ్చేశాం బిడ్డా" అనే గడపలు ఉన్నాయి. టులెట్ బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంటుంది. మరికొందరు "మాంసం వండకూడదు" అనే షరతు వెనక దాక్కుంటారు. యూనివర్సిటీ సీటు తెచ్చుకుని ఊరు దాటి వచ్చిన పిల్లకు పట్నం వినిపించే మొదటి మాట అదే అయితే, ఆ సిగ్గు మొత్తం ఓనర్లదే. నేను కాలేజీ ఐడీ కార్డు, ఆధార్, ఇంటి ఫోన్ నంబరు అడుగుతాను. ఇంకేమీ అడగను.

స్కాలర్‌షిప్ ఆలస్యమైతే కిరాయీ ఆలస్యమవుతుంది. ఎప్పుడిస్తారో తేదీ చెప్పమంటాను, చాలామంది ఆ తేదీకే ఇస్తారు.

గది ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల కిరాయి కోసుకోవడం ఇక్కడ మరో అలవాటు. మనిషి బతికిన గోడకు మరక పడుతుంది. అది వాడకం, నష్టం కాదు. పగిలిన వాష్‌బేసిన్ నష్టం. అందుకే చేరిన రోజే గదంతా ఇద్దరి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటాం. వెళ్ళే రోజు అవి చూసుకుని, ఏదైనా పాడైతే బాగుచేసిన బిల్లు మేరకే పట్టుకుంటాను. కోర్సు అయిపోయి అమీర్‌పేట హాస్టల్‌కో, గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్‌కో పోయే పిల్లల చేతిలో చాలాసార్లు ఉండేది ఆ అడ్వాన్సు డబ్బే. సామాను ఆటో ఎక్కకముందే లెక్క తేల్చి, వాళ్ళ ఫోన్‌కు పంపేస్తాను.