వరస తప్పిన శాంతం

రసగంగాధరమనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథంలో శాంతరసానికి ఉదాహరణగా జగన్నాథ పండితరాయలు ఒక చిన్న శ్లోకం ఇచ్చాడు. పరుల పద్యం ఒక్కటీ తీసుకోనని పంతం పట్టి రాసిన గ్రంథం కాబట్టి ఆ శ్లోకమూ ఆయనదే. అందులో మూడు జంటలున్నాయి. మలయమారుతం, కాలకూటం. అందగత్తె కురులు, పాము. లోకం అంటరానివాడని వెలివేసినవాడు, బ్రహ్మదేవుడు. వీటి మధ్య తనకిక తేడా లేదనీ, పరమాత్మలో తన నిలకడ ఎడతెగకుండా ఉందనీ చెప్పేవాడు చెబుతాడు. అంతే శ్లోకం.

శ్రద్ధగా వింటే ఇందులో ఒక తొట్రుపాటు తగులుతుంది. మొదటి రెండు జంటల్లో ఇష్టమైనది ముందు, భయపెట్టేది వెనుక. మూడో జంటకు వచ్చేసరికి వరస తిరగబడింది. వెలివేతకు గురైనవాడు ముందొచ్చాడు, సృష్టికర్త వెనక్కి వెళ్ళాడు. ఆలంకారికులు దీన్ని ప్రక్రమభంగమంటారు, దోషాల్లో లెక్కవేస్తారు. ఆ సంగతి ఎత్తిచూపింది పండితరాయలే. చూపి, ఇక్కడ ఇది గుణమేనన్నాడు. మాట్లాడుతున్నవాడు బ్రహ్మమే అయిపోయాడు. ఏది ఎక్కువో ఏది తక్కువో అతనికి తెలియడం మానేసింది. అది తెలియజెయ్యడానికే వరస తప్పింది.

ఈ వ్యాఖ్య చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అందరూ సమానమేనని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. కానీ వరస జాగ్రత్తగా పాటిస్తూ ఆ మాట చెబితే, ఎక్కువతక్కువలు ఇంకా గుర్తున్నట్టేగా! ఈ శ్లోకంలో మాటలు కూర్చున్న తీరుకే మరపు వచ్చింది.

శాంతానికి స్థాయిభావం, అంటే రసానికి మూలమై నిలిచి ఉండే భావం, నిర్వేదమంటూనే ఆయన మరో గీత గీశాడు. నిత్యమేదో అనిత్యమేదో విచారించగా పుట్టిన వైరాగ్యం స్థాయి. ఇంట్లో తగువులాడినందువల్ల పుట్టినది వట్టి వ్యభిచారిభావం, వచ్చిపోయేది. ‘నన్ను కాసేపు ప్రశాంతంగా వదిలెయ్యండి’ అని మనం రోజూ అడిగేది ఈ రెండోదాన్నే. నటుడికి శమం, అంటే మనసు అణగడం, ఉండదు గనక నాటకంలో శాంతం కుదరదన్నవాళ్ళకు, రసం నటుడిది కాదు, చూసేవాడిదని జవాబిచ్చాడు. నాటకంలో ఒప్పుకోకపోయినా కావ్యంలో ఒప్పుకోక తప్పదన్నాడు: మహాభారతంలో ప్రధానమైనది శాంతమేనని లోకమంతటికీ అనుభవమే కదా. పద్దెనిమిది అక్షౌహిణులు నేలకూలిన కథ అది!

దీనికి భిన్నమైన శాంతి ఇంకొకటుంది. రోమన్లు దాన్ని పాక్స్ అన్నారు. సంధి, ఒడంబడిక, దేవతల అనుగ్రహం, సామ్రాజ్యం కింద అణిగిన నెమ్మది, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడాయి. స్పెయిన్, గాల్ ప్రాంతాల నుంచి అగస్టస్ తిరిగొచ్చిన సందర్భంగా కట్టిన పాలరాతి శాంతివేదికను క్రీ.పూ. 9లో ప్రతిష్ఠించారు. దాని మీద తల్లీబిడ్డలూ పాడీపంటా ఉన్న శిల్పం ఎంతో అందమైనది. మరో పక్క రోమాదేవి ఆయుధాల గుట్ట మీద కూర్చుంటుంది. ఆ శాంతికి పైన ఒకరు, కింద ఒకరు ఉండి తీరాలి.

పండితరాయలది కోనసీమలోని ముంగండ. షాజహాన్ కొలువులో బిరుదందుకున్నా ఆయన ఊరు అదే. అక్కడికి దగ్గర్లోని అమలాపురంలో 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ గుంపులు మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టాయి. 144 సెక్షన్ విధించారు, ఇంటర్నెట్ ఆపారు. శాంతిభద్రతలు కుదుటపడ్డాయి. అది కావలసిందే, నెత్తురు కారకుండా ఆగడం చిన్న సంగతి కాదు. అయితే అది ఒడంబడిక లాంటి శాంతి, పాక్స్ కోవలోది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అన్న జిల్లా పేరులో ఏ మాట ముందుందో చూసి రగిలిన మనసుకు, ఆ శ్లోకం మూడో జంటలో ఎవరు ముందున్నారో మూడున్నర శతాబ్దాల కిందటే ఈ సీమవాడొకడు చూపించి ఉన్నాడు.

పండితరాయలు సంస్కర్త కాడు, సాధువూ కాడు. మరో ఆలంకారికుడైన అప్పయ్య దీక్షితులను ఖండించేటప్పుడు ఆయన నోటికి అదుపుండదు. అయినా ఆ శ్లోకాన్ని కోనసీమ బడుల్లో పాఠంగా పెట్టాలని నా కోరిక. ఆయన వ్యాఖ్యతో సహా పెట్టాలి. అది లేకపోతే వరస తప్పిందని పిల్లలు గమనించకుండానే దాటిపోతారు.