మిశ్రపాన వ్యాకరణము

మద్యమును గూర్చిన గ్రంథమును విమర్శించుటకు విమర్శకుడు మద్యపాయి కానక్కరలేదు. కాని సంస్కారప్రియులగు గృహస్థులలో పలువురు ఈ ప్రసక్తియే తగదని తలంతురు. నగరములలో మన బంధుమిత్రుల యిండ్లయందు సీసాల బీరువాలును, మంచుపెట్టెలును, గిలకరించు లోహపాత్రలును వెలయుచుండగా మనము కన్నులు మూసికొనుట సంస్కరణము కానేరదు. పూర్వపక్షము నెరుగనివాని సిద్ధాంతము నిలువదు. కావున 1948వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన డేవిడ్ ఎంబరీ గారి ‘ది ఫైన్ ఆర్ట్ ఆఫ్ మిక్సింగ్ డ్రింక్స్’ అను గ్రంథమును విమర్శకు గైకొంటిని. గ్రంథకర్త న్యూయార్కులో న్యాయవాది; బారులో కొలువు చేసినవాడు కాడు. తన యింట అతిథులకు కలిపి యిచ్చిన అనుభవముతోనే వ్రాసినాడు. ఇది యింటివారి గ్రంథము. అందువలననే మనకు విచారణీయము.

కాక్‌టెయిలు నిన్న మొన్న పుట్టినది కాదు. మద్యము, చక్కెర, నీరు, బిట్టర్సు అను చేదుమూలికల సారము కలిసిన పానీయమని 1806లోనే హడ్సన్ పట్టణపు పత్రిక యొకటి దానిని నిర్వచించినది. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు అమలులో నుండిన మద్యనిషేధ కాలమున దొంగసారాయి కంపును కప్పుటకే యీ మిశ్రమములు పుట్టెనను వాదము దీనితో వీగిపోవును. కలిపి త్రాగుట అంతకంటెను ప్రాచీనము. ‘పంచి’ అను మిశ్రపానమును పేర్కొన్న తొలి ఆంగ్లలేఖ 1632 నాటిది. అది మన తీరమందలి పెత్తపొల్లి, అనగా నేటి నిజాంపట్నములోని ఆంగ్లవర్తకునకు వ్రాయబడినది. సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యము అను ఐదింటినిబట్టి ‘పంచ’ శబ్దమునుండి ఆ పేరు వచ్చెనని పలువురందురు; సందేహించువారును కలరు. ఏమైనను, ఈ విషయము మన కెంతమాత్రమును సంబంధింపనిదని చెప్పుకొనుటకు వీలులేదు.

ఎంబరీకి ముందటి గ్రంథములు చాలవఱకు నిఘంటువుల వంటివి. 1862లో జెర్రీ థామస్ రచించినదియు, 1930లో లండనులోని సవాయ్ హోటలునుండి హ్యారీ క్రాడక్ సంకలించినదియు ప్రసిద్ధములు. రెండవదానిలో ఏడువందలకు మించిన మిశ్రమములు కలవు. ఎంబరీ నిఘంటువు నొసగక వ్యాకరణము నొసగినాడు. ప్రతి మిశ్రమమునందును మూలమద్యము, దానిని సవరించునది, రంగును పరిమళమును ఇచ్చునది అని మూడంగములను విభజించినాడు. మార్టినీ, మన్‌హాటన్, ఓల్డ్ ఫ్యాషన్డ్, డైకిరీ, సైడ్‌కార్, జాక్ రోజ్ అను ఆరింటిని మూలరూపములుగ గ్రహించినాడు. ధాతువుల నెరిగినవాడు పదములను సాధించుకొనునట్లు, ఈ యారింటి నెరిగినవాడు తక్కినవానిని తానే కల్పించుకొనగలడు. విషయ మెట్టిదైనను బోధనాపద్ధతి యుత్తమమైనది.

ఈ గ్రంథమున మెచ్చదగిన గుణము మఱియొకటి కలదు, అది నిష్కాపట్యము. మంచి మిశ్రపానమునకు ఆయన చెప్పిన లక్షణము లైదు: మేలైన మద్యముతో చేయబడవలెను, ఆకలిని పుట్టింపవలెను గాని చంపరాదు, అతిమధురము గాక మద్యపు రుచి తెలియునట్లుండి నాలుకకు నున్నన గావలెను, కంటి కింపు కావలెను, బాగుగ చల్లబడవలెను. మద్యపు రుచి తెలియవలెనను నియమమును సంస్కర్తలు సయితము గమనింపవలెను. పండ్లరసములోను, మీగడలోను, చక్కెరలోను మద్యమును దాచి, ఎరుగనివారిచేత షర్బత్తువలె త్రాగించుట మోసము. ఎంబరీ గారి విధానమున మద్యము మద్యముగనే కానవచ్చును.

ఇక దోషము. ఈ యైదు లక్షణములలో నాలుగు పాత్రలోని వస్తువును గూర్చినవి; ఒకటి త్రాగువాని ఆకలిని గూర్చినది. త్రాగువాని బలమును గూర్చిన దొక్కటియు లేదు. డైకిరీకి ఆయన విధించిన పాళ్ళు రమ్ము ఎనిమిది, నిమ్మరసము రెండు, చక్కెరపాకము ఒకటి. పాళ్ళు వేరు, పరిమాణము వేరు. ఒక గ్లాసులో 60 మిల్లీలీటర్ల రమ్ము పోసితి మనుకొందము. నూటికి 40 వంతుల బలము కలదైనచో అందు 24 మిల్లీలీటర్లు, అనగా సుమారు 19 గ్రాములు, శుద్ధమైన ఆల్కహాలే. బారులో అది రెండు చిన్న పెగ్గులు. ఇంట అట్టి గ్లాసులు మూడు పుచ్చుకొన్నవాడు ఆరు పెగ్గులు త్రాగియు ‘మూడే’ యనును. అతడబద్ధ మాడుటలేదు, ఎరుగడంతే. మన దేశమున వాహనము నడుపువాని రక్తమున 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలుండరాదని చట్టము. నడివయస్కుడైన సామాన్యుడు ఒక్క గ్లాసుతోనే ఆ హద్దు దాటవచ్చును. అతనిని వీథివఱకు సాగనంపి వచ్చిన గృహస్థునకు దీనిలో పాలు లేదా?

మన చరకసంహితయందలి మదాత్యయాధ్యాయము ఈ విషయమున ఎంబరీకంటె ముందడుగు వేసినది. విధి, మాత్ర, కాలము, హితమైన యాహారము, త్రాగువాని బలము అను వానిని విచారించియే మద్యము మేలో కీడో చెప్పవలెనని దాని మతము. అందు కొలత పాత్రకు గాక మనుష్యునికి. అయినను ప్రాచీనమైనంత మాత్రమున సర్వమును శిరసావహింపరాదు. ఆల్కహాలు క్యాన్సరును కలిగించునని నేటి వైద్యులు నిర్ధారించినారు. ఆరోగ్యమునకు హాని లేని మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. యుక్తితో త్రాగినచో అమృతతుల్యమన్న చరకుని మాటను నేడు యథాతథముగ నొప్పుకొనజాలము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి నెదిరించినపుడు దాని రుచిని విచారింపలేదు. అది యింటి కేమి చేసినదని అడిగిరి. పేదవాని సారాయిప్యాకెట్టు కొక న్యాయమును, ధనికుని గాజుగ్లాసు కొక న్యాయమును ఉండరాదు. ఎంబరీ గ్రంథమును ఆ ప్రశ్నతో చదివినచో దాని మేలును కొఱతయు ఒక్కసారిగ తెలియును. వ్యాకరణముగ నది సమగ్రము, ధర్మశాస్త్రముగ చాలదు. ఇంట కలిపి యిచ్చువాడు గ్లాసులో నెంత మద్యమున్నదో అతిథికి చెప్పవలెను. వలదన్నవానిని నిర్బంధింపరాదు, పరిహసింపరాదు. త్రాగినవానిచేతికి బండి తాళము నీయరాదు. ఈ మూడు నియమములును ఎనిమిది, రెండు, ఒకటి అను పాళ్ళకంటె సులభముగనే జ్ఞాపకముండును.