ఐదు గళ్ల ఆటగాడు

2006 జనవరి 3న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో యూటా జాజ్, లాస్ ఏంజిలిస్ లేకర్స్ తలపడ్డాయి. ఆ మ్యాచ్ స్కోరు పట్టికలో జాజ్ ఆటగాడు ఆండ్రీ కిరిలెంకో పేరు ఎదురుగా ఉన్న అంకెలివి: 14 పాయింట్లు, 8 రీబౌండ్లు, 9 అసిస్టులు, 6 స్టీల్స్, 7 బ్లాకులు. పాయింట్ల గడి మాత్రమే చూసేవారికి ఇందులో గొప్ప కనిపించదు. ఎన్‌బీఏలో ముప్ఫై, నలభై పాయింట్లు కొట్టేవాళ్లు వారానికొకరు తేలుతూనే ఉంటారు. కానీ ఆ వరుసలో ఆరుకు తగ్గిన అంకె ఒక్కటీ లేదు. స్టీల్స్‌నీ బ్లాకులనీ ఎన్‌బీఏ లెక్క రాయడం 1973-74 సీజన్‌లో మొదలైంది. అప్పటినుంచి ఆ రాత్రి దాకా ఐదు గళ్లలోనూ ఆరు, ఆపైన నింపినవాడు మరొక్కడే ఉన్నాడు. అతను 1987లో హకీమ్ ఒలాజువాన్.

ఆట కొత్తవారి కోసం ఒక్క మాట. గురి తప్పి రింగుకు కొట్టుకుని వచ్చిన బంతిని అందుకుంటే రీబౌండ్. తోటివాడు బాస్కెట్ వేయడానికి దారితీసిన పాస్ అసిస్ట్. ఎదుటివాడి చేతిలోంచో, వాళ్ల పాస్ మధ్యలోంచో బంతిని లాగేసుకుంటే స్టీల్. రింగు వైపు వెళ్తున్న షాట్‌ను గాల్లోనే ఆపితే బ్లాక్. పొడగరులకు రీబౌండ్లు, బ్లాకులు. చురుకైన పొట్టివాళ్లకు అసిస్టులు, స్టీల్స్. ఈ ఆటలో పాతకాలం నుంచీ ఉన్న పంపకం ఇది. ఐదు పనులనూ ఒకే మ్యాచ్‌లో కనీసం ఐదేసి చొప్పున చేస్తే దాన్ని ‘ఫైవ్ బై ఫైవ్’ అంటారు. కిరిలెంకో దాన్ని మూడుసార్లు సాధించాడు. వాటిలో రెండు 2003 డిసెంబరులో ఒక్క వారం తేడాతో వచ్చాయి. 3వ తేదీన హ్యూస్టన్ మీద 19 పాయింట్లు, 5 రీబౌండ్లు, 7 అసిస్టులు, 8 స్టీల్స్, 5 బ్లాకులు. 10వ తేదీన న్యూయార్క్ మీద 10 పాయింట్లు, 12 రీబౌండ్లు, 6 అసిస్టులు, 5 స్టీల్స్, 6 బ్లాకులు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. అంత చిన్న వయసులో ఈ ఘనత సాధించినవాడు మళ్లీ 2024లో, 20 ఏళ్ల విక్టర్ వెంబన్యామా రూపంలో గానీ రాలేదు.

ఈ అంకెల వెనక ఉన్న పనితనమే ఈ వ్యాసానికి విషయం. బాస్కెట్‌బాల్‌లో బంతి ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. మిగిలిన తొమ్మిదిమంది ఆ క్షణంలో ఏం చేస్తున్నారో చాలామంది చూడరు. కిరిలెంకో తన ఆటనంతా ఆ చూడని చోటులోనే కట్టుకున్నాడు.

అతను 1981 ఫిబ్రవరి 18న రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో పుట్టాడు. కలాష్నికోవ్ తుపాకులు తయారయ్యే ఊరది. పేరులోని రెండు మొదటి అక్షరాలకు అతను వేసుకున్న 47వ నంబరు జెర్సీ తోడై, అమెరికాలో అభిమానులు అతన్ని ‘ఏకే-47’ అని పిలుచుకున్నారు. పెరిగింది మాత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అక్కడి స్పార్టక్ జట్టుతో మొదలుపెట్టి, 1998లో మాస్కోలోని సీఎస్‌కేఏకు వెళ్లాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1999లో యూటా జాజ్ అతన్ని 24వ ఎంపికగా తీసుకుంది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు నిండి నాలుగు నెలలు దాటింది. అంతవరకు డ్రాఫ్ట్‌లో ఎంపికైన విదేశీయుల్లో అంత చిన్నవాడు లేడు. వెంటనే విమానం ఎక్కకుండా ఇంకో రెండేళ్లు సీఎస్‌కేఏలో ఆడి, 2001లో జాజ్ సొంతూరు సాల్ట్ లేక్ సిటీ చేరాడు.

ఆ ఏడాదికి ఒక ప్రాముఖ్యం ఉంది. అప్పటిదాకా ఎన్‌బీఏలో డిఫెండర్ తనకు అప్పగించిన మనిషిని వదిలి మధ్యలో కాపు కాయకూడదు. కాస్తే ‘ఇల్లీగల్ డిఫెన్స్’ అని తప్పు పట్టేవారు. 2001-02 సీజన్‌లో ఆ నియమాన్ని ఎత్తేశారు. దాని స్థానంలో ఒక్క షరతు పెట్టారు: ఎవరినీ కాయకుండా రింగు ముందున్న గడిలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. ఒక మనిషిని కాస్తూనే కోర్టునంతా కనిపెట్టుకుని ఉండగలిగే డిఫెండర్‌కు ఆ రోజునుంచి విలువ పెరిగింది. కిరిలెంకో సరిగ్గా ఆ తలుపు తెరుచుకున్న ఏడాదే అడుగుపెట్టాడు. తొలి సీజన్‌లోనే ఉత్తమ కొత్త ఆటగాళ్ల మొదటి జట్టులో చోటు దక్కించుకున్నాడు.

ఇప్పుడు అతని బ్లాక్‌ను దగ్గరగా చూద్దాం. బంతి కుడివైపు ఉందనుకోండి. కిరిలెంకో కాయాల్సిన ఆటగాడు ఎడమవైపు మూలన నిలబడి ఉంటాడు. కిరిలెంకో అతనికి అతుక్కుపోడు. మూడు, నాలుగు అడుగులు లోపలికి జరిగి, పక్కకు తిరిగి, తన మనిషీ బంతీ రెండూ కంటికి ఆనేలా నిలబడతాడు. మూడు సెకన్ల షరతు ఉంది కాబట్టి ఒక అడుగు గడి లోపలికి వేస్తూ, మళ్లీ బయటికి తీస్తూ ఉంటాడు. కుడివైపు నుంచి ఒకడు డిఫెండర్‌ను దాటి రింగు వైపు దూసుకొస్తాడు. అతని కంటికి దారి ఖాళీగా కనిపిస్తుంది. సాధారణ డిఫెండర్ ఇక్కడే తొందరపడి ముందుగా ఎదురెళ్తాడు. అప్పుడు దూసుకొచ్చేవాడు మూలన ఖాళీగా మిగిలినవాడికి పాస్ వేసేస్తాడు. కిరిలెంకో ఆగుతాడు. ఎదుటివాడు నేల విడిచి, షాట్‌కు చెయ్యెత్తి, ఇక పాస్‌కు వీలులేని స్థితికి వచ్చాకే కదులుతాడు. కబడ్డీలో మంచి డిఫెండర్ రైడర్‌ను లోతుకు రానిచ్చి, తిరుగుదారి మూసుకున్నాక పట్టినట్టే ఇదీ.

ఆ ఆగడంలో ప్రమాదం ఉంది. షాట్ పైకి లేస్తున్నంతసేపే దాన్ని ముట్టుకోవచ్చు. బంతి కిందికి దిగడం మొదలయ్యాక చెయ్యి తగిలితే గోల్‌టెండింగ్ అని బాస్కెట్ ఇచ్చేస్తారు. కాబట్టి ఆలస్యంగా కదిలేవాడికి మిగిలేది కనురెప్పపాటు కాలం. 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు, దానికి మించి పొడవైన చేతులు కిరిలెంకోకు ఆ కాలాన్ని కాస్త పెంచిపెట్టాయి. అంతే పొడవున్నవాళ్లు ఎన్‌బీఏలో ఇంకా చాలామంది ఉన్నారు. ఎప్పుడు కదలాలో తెలియడం అతన్ని వేరు చేసింది. 2004-05లో గాయాల వల్ల 41 మ్యాచ్‌లే ఆడినా, మ్యాచ్‌కు 3.3 బ్లాకుల సగటుతో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. సాధారణంగా రింగు కింద నిలబడే భారీ సెంటర్లకు దక్కే స్థానం అది. సన్నగా, నిటారుగా ఉండే ఈ ఫార్వర్డ్ దాన్ని దక్కించుకున్నాడు.

స్టీల్స్‌లోనూ ఇదే గుణం. అతను బంతి ఉన్నవాడి చేతుల మీద పడి కెలకడం కంటే, పాస్ వెళ్లే దారిని ముందుగా పసిగట్టడం మీదే ఎక్కువ ఆధారపడ్డాడు. పాస్ వేసేవాడికి ఆ దారి తెరిచి ఉన్నట్టు కనిపించాలి, బంతి చెయ్యి వదిలేసరికి మూసుకుపోవాలి. బ్లాకులు ఎక్కువ చేసేవాళ్లు రింగు దగ్గరే ఉండిపోతారు, స్టీల్స్ ఎక్కువ చేసేవాళ్లు బయట తిరుగుతారు. ఈ రెండు చోట్లకూ ఒకే మనిషి ఒకే రాత్రి చేరుకోవడం కాళ్ల వేగం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఎదుటి జట్టు తర్వాతి ఎత్తును వాళ్లకంటే ముందే చదవగలగాలి.

బంతి తన జట్టు దగ్గర ఉన్నప్పుడూ అతని పద్ధతి మారలేదు. కోచ్ జెర్రీ స్లోన్ జాజ్‌ను 1988 నుంచి 2011 దాకా నడిపాడు. ఆయన ఆటలో ఒకడు బంతిని తట్టుకుంటూ నిలబడితే మిగతావాళ్లు చూస్తూ ఉండడానికి వీల్లేదు. తోటివాణ్ని కాసేవాడి దారికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టాలి, రింగు వైపు కోసుకుపోవాలి, మళ్లీ స్క్రీన్ పెట్టాలి. కిరిలెంకో ఈ బడికి సరిపోయిన విద్యార్థి. తనను కాసేవాడి తల బంతి వైపు తిరిగిన మరుక్షణం అతను వాడి వీపు వెనకగా రింగు కిందికి జారిపోయేవాడు. జాన్ స్టాక్టన్ లాంటి పాసర్ పక్కన తొలి రెండేళ్లు ఆడడం ఈ విద్యకు పదును పెట్టింది. తనకు బంతి అందినా ముందు తోటివాళ్లను వెతికేవాడు. 2005-06లో 15.3 పాయింట్లు, 8 రీబౌండ్లు, 3.2 బ్లాకుల సగటుతోపాటు 4.3 అసిస్టుల సగటు ఉండడం ఒక ఫార్వర్డ్‌కు చిన్న విషయం కాదు. ఆ ఏడాదే లీగ్‌లోని ఉత్తమ డిఫెండర్లతో ఎంచే ఆల్ డిఫెన్సివ్ మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. అంతకుముందు వరసగా రెండేళ్లు రెండో జట్టులో ఉన్నాడు.

2003లో స్టాక్టన్ రిటైరయ్యాడు, కార్ల్ మలోన్ లేకర్స్‌కు వెళ్లిపోయాడు. పద్దెనిమిదేళ్లు జట్టును మోసిన ఇద్దరూ ఒకేసారి లేకుండాపోయారు. జాజ్ పట్టిక అడుగుకు జారిపోతుందనే అందరూ అనుకున్నారు. 2003-04లో ఆ జట్టు 82 మ్యాచ్‌ల్లో 42 గెలిచింది. పాయింట్లలో, రీబౌండ్లలో, స్టీల్స్‌లో, బ్లాకుల్లో జట్టులో ముందున్నది కిరిలెంకోయే. ఆ ఏడాది ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎంపికయ్యాడు.

అతని ఆటలో లోటు లేకపోలేదు. దూరం నుంచి వేసే షాట్ ఎప్పుడూ నికరంగా కుదరలేదు. మూడు పాయింట్ల షాట్లు మూడింట ఒకటి కూడా సరిగా పడేవి కావు. డెరాన్ విలియమ్స్, కార్లోస్ బూజర్, మెహ్మెట్ ఒకూర్ జట్టుకు కేంద్రమయ్యాక, రింగు దగ్గర అతను కోసుకుపోయే ఖాళీ తగ్గింది. బయట నిలబడి షాట్ వేయాల్సిన అవసరం పెరిగింది. 2006-07లో అతని సగటు 8.3 పాయింట్లకు పడిపోయింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్ సమయంలో విలేకరుల ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. తెరవెనక పనిచేసేవాడికి కూడా ఆ పని చేయడానికి చోటు కావాలి. అది దొరక్కపోవడమే ఆ దుఃఖం.

చోటు దొరికితే ఏమవుతుందో అదే ఏడాది సెప్టెంబరులో తేలింది. స్పెయిన్‌లో జరిగిన యూరోబాస్కెట్‌లో డేవిడ్ బ్లాట్ కోచ్‌గా ఉన్న రష్యా జట్టు ఫైనల్ చేరింది. ఎదురుగా ప్రపంచ చాంపియన్ స్పెయిన్, అదీ మాడ్రిడ్‌లో, సొంత జనం ముందు. చివరి సెకన్లలో జె.ఆర్. హోల్డెన్ వేసిన షాట్ రింగు మీద తడబడి లోపల పడింది. పావ్ గసోల్ ఆఖరి ప్రయత్నం తప్పింది. రష్యా 60-59తో గెలిచింది. గెలిపించిన షాట్ హోల్డెన్‌ది, టోర్నీ అత్యుత్తమ ఆటగాడు కిరిలెంకో. సోవియట్ యూనియన్ విడిపోయాక రష్యా పురుషుల జట్టు గెలిచిన తొలి యూరోపియన్ టైటిల్ అది. మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో రష్యా జెండా అతని చేతికే ఇచ్చారు.

2011లో యజమానులకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరక ఎన్‌బీఏ ఆగిపోవడంతో (లాకౌట్) సీఎస్‌కేఏకు తిరిగి వెళ్లాడు. ఆ సీజన్‌లో ఐరోపా క్లబ్బుల పోటీ యూరోలీగ్ అతన్ని అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ)గానూ, ఉత్తమ డిఫెండర్‌గానూ గుర్తించింది. కప్పు మాత్రం చేజారింది. ఇస్తాంబుల్ ఫైనల్‌లో 19 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి, చివరి సెకనులో ప్రింటెజిస్ షాట్‌తో ఒలింపియాకోస్ 62-61తో గెలిచింది. మూడు నెలలు తిరక్కుండానే లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం రష్యా అర్జెంటీనాను 81-77తో ఓడించింది. 1988లో సోవియట్ జట్టు స్వర్ణం గెలిచాక, రష్యా పేరుతో పురుషుల బాస్కెట్‌బాల్‌లో వచ్చిన తొలి ఒలింపిక్ పతకం అది.

తర్వాత మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్‌కు, బ్రూక్లిన్ నెట్స్‌కు ఆడి, 2015లో మళ్లీ సీఎస్‌కేఏ చేరి, ఆ వేసవిలోనే ఆట విరమించాడు. అదే ఏడాది రష్యన్ బాస్కెట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఎన్‌బీఏలో 797 మ్యాచ్‌లు ఆడాడు. సగటు 11.8 పాయింట్లు, 5.5 రీబౌండ్లు, 2.7 అసిస్టులు, 1.4 స్టీల్స్, 1.8 బ్లాకులు. విడివిడిగా చూస్తే ఇందులో ఏ ఒక్క అంకె కూడా ఎన్‌బీఏ చరిత్రలో మొదటి వరసకు రాదు. ఐదింటినీ కలిపి ఇంత సమంగా మోసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బడి మైదానాల్లో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేవారికి నాది ఒక్కటే మనవి. షాట్లు, డ్రిబ్లింగ్ ఎలాగూ నేర్పుతారు. కిరిలెంకో పాత మ్యాచ్ ఒకటి పెట్టి, బంతిని వదిలేసి పది నిమిషాలు అతన్ని మాత్రమే చూడమని చెప్పండి. ఎక్కడ నిలబడ్డాడు, తల ఎటు తిప్పాడు, ఎప్పుడు కదిలాడు అన్నవి పిల్లల చేతే చెప్పించండి. ఎత్తు ఎవరూ నేర్పలేరు. కనిపెట్టుకుని ఉండడం ఎవరైనా నేర్చుకోవచ్చు.